కొత్త రెఫరీలను నిలబెట్టుకోవడం: నా అనుభవం

మా అమెచ్యూర్ ఫుట్‌బాల్ లీగ్‌కి కొత్త రెఫరీలను వెతికే పని నా నెత్తిన పడింది, ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి. పోస్టర్లు వేస్తే ఒక్కరూ పలకలేదు. అదే ఒక్కొక్కరిని పక్కకి పిలిచి "నీకు ఆట తెలుసుగా, ఓసారి జెండా పట్టుకుని చూడు" అంటే చాలామంది సరే అన్నారు. ఆట మానేసిన పాత ప్లేయర్లు, చేతిఖర్చులకి డబ్బులు కావాల్సిన కాలేజీ పిల్లలు, కూతుర్ని మ్యాచ్‌కి తెచ్చి గంటలకొద్దీ ఊరికే కూర్చునే ఒక అమ్మ.

రెఫరీ కోర్సు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 17 రూల్స్, ఒక పరీక్ష, కాస్త పరుగు. ఆఫ్‌సైడ్ కంటే హ్యాండ్‌బాల్ (బంతి చేతికి తగలడం) దగ్గరే అందరూ తికమకపడ్డారు.

అసలు సమస్య ఆ తర్వాతే. మానేస్తున్నామని ఎవరూ చెప్పరు, ముందు "ఈ ఆదివారం కుదరదండీ" అంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు. పట్టుబట్టి అడిగితే మ్యాచ్‌కి ఇచ్చే ఫీజు తక్కువని ఎవరూ అనలేదు, లైన్ బయట నుంచి కోచ్‌లూ తల్లిదండ్రులూ అరుస్తుంటే ఒంటరిగా నిలబడాల్సి వచ్చిందన్నారు. 2019 నుంచి కోచ్‌కి కూడా కార్డు చూపించొచ్చు, నిజమే, కానీ 16 ఏళ్ల కుర్రాడికి 40 ఏళ్ల మనిషి మీద కార్డు తీయాలంటే చెయ్యి లేస్తుందా?

అందుకని మొదటి మ్యాచ్‌లకి ఒక సీనియర్‌ని తోడు పంపడం మొదలుపెట్టాం. అరిచే కోచ్‌తో ఆయనే మాట్లాడతాడు. హాఫ్‌టైమ్‌లో కొత్తవాళ్లకి ఒక్క విషయమే చెప్పాలి, అదీ ఎవరూ వినకుండా, ఎక్కువగా ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందనే. రెఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలన్న పద్ధతి పెట్టాం, ఎదురు వాదిస్తే 10 నిమిషాలు బయట కూర్చోబెట్టే సిన్ బిన్ కూడా. ఫిర్యాదు వస్తే నాన్చకుండా తేల్చాం. ఒక కోచ్‌ని సస్పెండ్ చేస్తే వాళ్ల క్లబ్ నానా రభస చేసింది, చేసుకోనీ. ఆ కోచ్ అరిచిన కుర్ర రెఫరీ మాత్రం మరుసటి వారం మ్యాచ్‌కి వచ్చాడు.

అందరూ ఉండిపోయారని కాదు, ఆదివారాలు ఇప్పటికీ మనుషులు చాలరు. రెండో సీజన్‌కి తిరిగొచ్చినవాళ్లలో కొందరు కొత్తవాళ్లకి తోడు వెళ్తున్నారు. ఈసారి కోర్సుకి తక్కువమందినే తీసుకున్నాను, తోడు వెళ్లేవాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు లెక్క చూసుకుని.