దూరపు గెలాక్సీ ఎందుకు ఎర్రగా ఉంది?

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చిత్రాలలో అక్కడక్కడా కనిపించే చిన్న ఎర్రటి మచ్చలన్నీ విశ్వం తొలినాళ్ళ గెలాక్సీలేనని చాలామంది అనుకుంటారు. ఆ రంగు మన కంటికి కనిపించేది కాదు, తక్కువ తరంగదైర్ఘ్యాల ఫిల్టర్లకు నీలాన్ని, ఎక్కువవాటికి ఎరుపును కేటాయించి కూర్చినది. అది అలా ఉంచితే, ఒక గెలాక్సీ ఎర్రగా తేలడానికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి: దానిలోని నక్షత్రాలు వయసు మళ్ళినవి కావచ్చు, ధూళి నీలికాంతిని మింగేసి ఉండవచ్చు, లేదా విశ్వం వ్యాకోచించడం వల్ల కాంతి తరంగాలు సాగి ఉండవచ్చు. పరారుణ పరిశీలనలతో చేసే వర్గీకరణలో అసలు కష్టమంతా ఈ మూడింటినీ విడదీయడంలోనే ఉందని నా అభిప్రాయం.

మొదటి రెండింటినీ వేరుచేయడానికి ఒక ఫిల్టర్ చాలదు. ముసలి నక్షత్రాల కాంతి 0.4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మీటరులో పదిలక్షవ వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర ఒక్కసారిగా పెరిగి, ఆపైన దాదాపు నిలకడగా సాగుతుంది. ధూళి కప్పిన గెలాక్సీ కాంతి మాత్రం 1.2 మైక్రాన్ల వరకూ పెరుగుతూనే పోతుంది. రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచం వల్ల కాంతి ఎంత సాగిందో తెలిపే కొలత) 3 ఉన్న గెలాక్సీలో ప్రతి తరంగం నాలుగు రెట్లు సాగుతుంది కనుక, ఆ రెండు గుర్తులు 1.6, 4.8 మైక్రాన్ల దగ్గరకు చేరతాయి. హబుల్ చూపు సుమారు 1.7 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి రెండవ గుర్తు కోసం ఒకప్పుడు స్పిట్జర్ పరారుణ టెలిస్కోప్ మీద ఆధారపడవలసి వచ్చేది. ఇప్పుడు వెబ్‌లోని నిర్‌క్యామ్ కెమెరా 5 మైక్రాన్ల దాకా చూడగలదు.

ధూళి ఉందని తేలాక, దానిని వేడి చేస్తున్నది కొత్త నక్షత్రాలా, కృష్ణబిలం చుట్టూ తిరిగే పదార్థమా అన్న ప్రశ్న మిగులుతుంది. నక్షత్రాలు పుట్టే చోట కర్బన వలయాలతో కూడిన పెద్ద అణువులు 6.2, 7.7, 11.3 మైక్రాన్ల దగ్గర స్పష్టమైన శిఖరాలుగా వెలుగుతాయి. కృష్ణబిలానికి దగ్గరగా ఉండే తీవ్ర వికిరణంలో అవి నిలవడం కష్టం. అక్కడ బాగా వేడెక్కిన ధూళి ఏ శిఖరమూ లేని నునుపైన వర్ణపటాన్ని (కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన చిత్రాన్ని) ఇస్తుంది. వైజ్ టెలిస్కోప్ సమాచారంలో 3.4, 4.6 మైక్రాన్ల ప్రకాశాంకాల (వెలుగును కొలిచే అంకెల) తేడా 0.8కి మించితే కృష్ణబిలం చురుకుగా ఉందని భావించే నియమం ఈ వేడి ధూళిని నమ్ముకున్నదే. ప్రకాశవంతమైన వాటికి ఈ నియమం చక్కగా పనిచేస్తుంది, కానీ మసకగా, దూరంగా ఉండే మామూలు గెలాక్సీలు కూడా రెడ్‌షిఫ్ట్ వల్ల అదే గడిలోకి, అంటే చురుకైన కృష్ణబిలాల వర్గంలోకి, జారుతాయి.

ఈ కారణాలను ఒకదానికొకటిగా పొరబడితే ఏమవుతుందో సీర్స్-93316 అనే గెలాక్సీ చూపించింది. 2022లో ఫిల్టర్ల ప్రకాశాన్ని బట్టి దాని రెడ్‌షిఫ్ట్‌ను 16 పైచిలుకుగా, అంటే మహావిస్ఫోటనం తరువాత దాదాపు 25 కోట్ల ఏళ్ళ నాటిదిగా, అంచనా కట్టారు. వర్ణపటం తీశాక అది 4.9 అని తేలింది. ధూళితో ఎర్రబడిన ఆ గెలాక్సీలో ఆక్సిజన్, హైడ్రోజన్ వెలువరించే బలమైన రేఖలు సరిగ్గా కొన్ని ఫిల్టర్లలో పడి, వాటి ప్రకాశాన్ని పెంచి, అతి దూరపు గెలాక్సీ రూపాన్ని తెచ్చిపెట్టాయి. వర్ణపటం లేని రెడ్‌షిఫ్ట్‌ను ఒక సంఖ్యగా కాక, ఏ విలువకు ఎంత అవకాశం ఉందో చూపే సంభావ్యతల వక్రంగా ప్రకటించడమే మేలని నేననేది ఇందుకే.

వెబ్ బయటపెట్టిన ‘చిన్న ఎర్ర చుక్కలు’ (లిటిల్ రెడ్ డాట్స్) అనే వస్తువులు ఇంకా చిక్కు తెచ్చాయి. వాటిలో చాలావాటి వర్ణపటాలలో హైడ్రోజన్ రేఖలు వెడల్పుగా ఉండి, కృష్ణబిలం ఉన్నదని సూచిస్తాయి; అయినా ఎక్కువ వాటి నుంచి ఎక్స్-కిరణాలు అందడం లేదు, వెబ్‌లోని ఎక్కువ తరంగదైర్ఘ్యాలను చూసే మిరి పరికరానికి వేడి ధూళి కూడా ఆశించినంత కనబడడం లేదు. ఆ ఎరుపుకు ధూళి కాక, కృష్ణబిలాన్ని చుట్టిన దట్టమైన వాయువు కారణమని కొందరు పరిశోధకులు ప్రతిపాదిస్తున్నారు. అదే నిజమైతే పైన చెప్పిన మూడు కారణాలకు నాలుగవది చేర్చి, వేడి ధూళి ఆధారంగా గీసిన పాత గడుల సరిహద్దులను మళ్ళీ గీయవలసి ఉంటుంది.