చెడిపోయిన ఫ్రీజర్‌లో మా తాబేళ్ల చలికాలం

శ్రీకాకుళంలో ఎవరింట్లోనైనా తాబేళ్లున్నాయంటే ముందు వచ్చే ప్రశ్న "శ్రీకూర్మం నుంచి తెచ్చారా?" అనే. కాదు. శ్రీకూర్మం గుడిలో కనిపించేవి నక్షత్ర తాబేళ్లు. వాటిని ఇంట్లో పెంచుకోవడం నేరం. 2022 సవరణతో అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోకి కూడా చేరాయి. మా పెరట్లో ఉన్నవి ఆఫ్రికా సల్కాటాలు, రెండూ ఆడవే. హైదరాబాద్‌లో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయి విదేశాలకు వెళ్తూ నాకు అప్పగించాడు. విదేశీ జాతి కాబట్టి పెంచుకోవచ్చు గానీ, కాగితాలు ఉండాలి. అన్నయ్య ముందే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాడు. నా చేతికి వచ్చాక ఆ మార్పునూ అక్కడే తెలియజేశాం. "కాగితాలు తర్వాత చూసుకుందాం" అనే అమ్మకందారు దగ్గర మాత్రం కొనకండి.

సల్కాటాలది సహారా ఎడారికి దక్షిణపు అంచు, సాహెల్ ప్రాంతం. అక్కడ లోతుగా బొరియలు తవ్వుకుని ఎండనీ చలినీ తప్పించుకుంటాయి. అయితే ఇవి చలికాలమంతా నిద్రపోయే జాతి కాదు. ఈ మాట మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "మట్టిలోకి పోయి తొంగుంటాదమ్మా, నీకెందుకేటి ఈ గోల" అన్నారు ఎదురింటి మావయ్యగారు. మధ్యధరా ప్రాంతపు తాబేళ్లు కొన్ని అలాగే నిద్రపోతాయి. వీటిని మాత్రం చలికి వదిలేస్తే మందకొడిగా అయిపోతాయి, తిన్నది అరగదు, ముక్కు కారడంతో మొదలై న్యుమోనియా దాకా వెళ్తుంది.

మనకేం చలి అని నవ్వేవాళ్లూ ఉన్నారు. మాది అరసవల్లి వైపు ఇల్లు, లంబసింగి కాదు. పెరట్లో థర్మామీటర్ సంక్రాంతి ముందు రాత్రుల్లో 15, 16 డిగ్రీలు చూపిస్తుంది, అంతే. అసలు సమస్య చెమ్మ. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు, డిసెంబరుకల్లా మంచు. మా పెరట్లో రెండడుగులు తవ్వితే మట్టి చేతికి అంటుకుంటుంది. పొడి చలిని ఈ జీవాలు కొంతవరకు ఓర్చుకుంటాయి గానీ, చలీ తడీ కలిస్తే ఊపిరితిత్తులకు పట్టుకుంటుంది. బయటి దేశాల వాళ్లు చెప్పే పద్ధతుల్లో హీటర్ల గురించే ఎక్కువ ఉంటుంది. నేను మాత్రం ముందు నేల నుంచి ఎత్తు, తర్వాత పొడి, ఆ తర్వాతే వేడి అని నిర్ణయించుకున్నాను.

కొత్త ప్లైవుడ్, థర్మోకోల్ కొని వాటికి గూడు చేయించడానికి వడ్రంగి చెప్పిన లెక్క విన్నాక పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. అక్కడ ఒక మూల కిరాణా కొట్టువాళ్లు అమ్మేసిన పెద్ద డీప్ ఫ్రీజర్ పడి ఉంది, పైకి మూత తెరిచే రకం. కంప్రెసర్ కాలిపోయింది. చూడగానే నాకు కావలసింది దొరికిందనిపించింది. ఫ్రీజర్ గోడల మధ్య పాలీయురితేన్ ఫోమ్ ఉంటుంది. చల్లదనాన్ని లోపల ఆపేది వేడినీ ఆపుతుంది కదా. పైగా అడుగున నీళ్లు పోయే రంధ్రం ముందే ఉంటుంది, కడిగినప్పుడు బిరడా తీస్తే చాలు. తూకం వేసి 1,800 అన్నాడు. ఆటోలో ఇంటికి చేర్చడానికి బేరం ఆడిన టైమే ఎక్కువ.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇలాంటి ఫ్రీజర్‌కి కట్టర్ పెట్టేముందు మెకానిక్‌ని పిలవండి. చల్లబరిచే గొట్టాలు గోడల లోపలే, లోపలి రేకు చుట్టూ తిరిగి ఉంటాయి. ఎక్కడ కోసినా ఏదో ఒక గొట్టం తెగుతుంది. కంప్రెసర్ చెడినంత మాత్రాన గ్యాస్ పోయినట్టు కాదు. మా మెకానిక్ బాబు లేబుల్ మీద గ్యాస్ పేరు చూసి, "ఇది ఆర్134ఏ అమ్మా, పర్లేదు. అదే ఆర్600ఏ అయితే కట్టరు నిప్పురవ్వకి భగ్గుమంటాది" అన్నాడు. ఆర్134ఏ మండదు గానీ గాలిలోకి వదలకూడదు. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు బలమైనది. అతను గ్యాస్‌ని సిలిండర్‌లోకి పట్టుకుని, కంప్రెసర్ విప్పేసి, అందులో రాగి తనకిమ్మన్నాడు. కూలీ అడగలేదు. ఇద్దరికీ లాభమే.

పొడవు వైపు గోడలో, అడుగుకి కాస్త పైన గుమ్మం కోయించాం. ఎంత ఎత్తు అనేది పెద్దదాని డిప్ప కొలిచి, పైన నాలుగు వేళ్లు కలిపి పెట్టాను. కోసిన చోట ఫోమ్ బయటపడుతుంది. తాబేలు కంటబడితే కొరికి మింగేస్తుంది. అందుకని పడగొట్టిన పెంకుటింటి కిటికీ చట్రం ఒకటి తెచ్చి గుమ్మం చుట్టూ బిగించాం. మా నాన్నగారు దాని పాత రంగంతా గీకించేదాకా ఊరుకోలేదు. పాత రంగుల్లో సీసం ఉంటుందని ఆయన పట్టుదల. ఆయన అన్నది నిజమే, పైగా ఈ జంతువులు దేన్నైనా ఒకసారి కొరికి చూస్తాయి. గుమ్మానికి ఏసీ షాపుల ముందు వేలాడే మందపాటి ప్లాస్టిక్ పట్టీలు, ఎవరో మార్చుకుంటే పడేసినవి, రెండు వరుసలు ఒకదాని సందు మీద ఇంకొకటి వచ్చేలా కట్టాం. రాత్రికి ఒక చెక్క పలక కూడా అడ్డం పెడతాను. వెచ్చదనానికి ఎలకలు వస్తాయి, ఎలకల కోసం ఇంకోటి వస్తుంది.

ఫ్రీజర్ అంటేనే గాలి చొరకుండా చేసిన పెట్టె. అందుకే గుమ్మానికి ఎదురు గోడలో పైన రంధ్రాలు వేయించి దోమతెర జాలీ కొట్టించాను. మూత చుట్టూ రబ్బరు పీకేశాం.

పెట్టెని నేల నుంచి ఎత్తులో ఉంచడానికి దిమ్మ ఫ్లైయాష్ ఇటుకలతో కట్టి, పైన టెక్కలి వైపు నుంచి వచ్చిన గ్రానైట్ ముక్కలు పరిచాం. అవి పాలిష్ యూనిట్ల దగ్గర వృథాగా పడి ఉండేవే. వాన నీళ్లు నిలవకుండా కొంచెం వాలు పెట్టాం. పైన కప్పుకి పాత ఇనప రేకు. ఇంట్లో సిమెంటు రేకులు ఊరికే ఉన్నాయి గానీ వాటిని కోస్తే లేచేది ఆస్బెస్టాస్ దుమ్ము, వద్దన్నాను. ఎక్కడానికి పాత తలుపు చెక్క ఒకటి వాలుగా వేసి, కాళ్లు జారకుండా అడ్డపట్టీలు కొట్టాం.

లోపల అడుగు నున్నటి రేకు. దాని మీద తాబేలు కాళ్లు చెరోవైపు జారిపోతాయి. పశువుల పాకల్లో వేసే రబ్బరు మ్యాట్ పాతది కోసి పరిచాను. వరిగడ్డి వేద్దామంటే మన చెమ్మకి బూజు పడుతుంది. గోనెసంచుల దారాలు మింగుతాయి, కాళ్లకు చుట్టుకుంటాయి. మ్యాట్ ఒక్కటే, రోజూ తుడవడం, వారానికోసారి కడిగి ఎండబెట్టడం.

వేడికి 100 వాట్ల సిరామిక్ హీటర్ పెట్టాను. బల్బులా ఉంటుంది గానీ వెలుగు రాదు, రాత్రి వాటికి ఇబ్బంది లేదు. ఇది మాత్రం కొత్తదే కొన్నాను. కరెంటు సామాన్లలో పాతవి వాడే ధైర్యం నాకు లేదు. హోల్డర్ పింగాణీది ఉండాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. డిప్పకి దగ్గరైతే కాలుతుంది కాబట్టి మూత కింద బిగించి చుట్టూ ఇనుప జాలీ కట్టాం. థర్మోస్టాట్ తీగ తాబేలు డిప్ప ఎత్తులో, హీటర్‌కి దూరంగా ఉంచి 26 డిగ్రీలకు పెట్టాను. ఫోమ్ పుణ్యమా అని హీటర్ రాత్రిలో సగం సేపే పనిచేస్తుంది, అర యూనిట్‌కి అటూ ఇటూ. లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. తడి పెరడు, ఇనుప పెట్టె, కరెంటు, మూడూ ఒకేచోట ఉన్నాయి మరి.

కరెంటు పోతే ఏంటని అన్నయ్య ఫోన్‌లో అడిగాడు. తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి మనకు తెలిసిందే. పెట్టె వేడిని కొన్ని గంటలు ఆపుతుంది. ఆ పైన వేడినీళ్లు పోసిన సీసాలు, గుడ్డ చుట్టి మూలల్లో పెట్టడమే.

మొదట్లో అవి లోపలికి వెళ్లలేదు. సాయంత్రమయ్యేసరికి అరుగు మూలకి చేరేవి, నేను ఎత్తి తీసుకెళ్లేదాన్ని. ఒక్కోటి ఏడెనిమిది కిలోలు, నడుం పట్టేసేది. కొన్నాళ్లకి చిన్నది సొంతంగా ఎక్కడం మొదలెట్టింది. పెద్దది ఇప్పటికీ మూడు పూటలకోసారి మొండికేస్తుంది. ఉదయం మంచు ఆరాకే తలుపు తీస్తాను, తొమ్మిది దాటుతుంది. నేరుగా ఎండలోకి వెళ్లి కాళ్లు చాపుకుని పడుకుంటాయి.

సల్కాటా ఆడది కూడా ముప్ఫై నలభై కిలోల దాకా ఎదుగుతుంది. ఈ పెట్టె ఇంకో రెండు మూడు చలికాలాలకే సరిపోతుంది. ఐస్‌క్రీమ్ గోడౌన్లలో వాడే పెద్ద సైజు ఏదైనా వస్తే నాకు ఫోన్ చేయమని కొట్టతనికి చెప్పి ఉంచాను. ఈసారి మాత్రం ఆటో చాలదు.