పాత బేస్ డ్రమ్ములో లైట్లు: అందానికి ఎల్ఈడీ, తోలుకి బల్బు

బేస్ డ్రమ్ము, అంటే బ్యాండులో అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము, దాని లోపల లైటు పెట్టడం అంటే ఇప్పటి డీజే ఫ్యాషన్ అనుకుంటారు చానామంది, కాదు, అది వందేళ్ళ కిందటి పని, అప్పుడు పెట్టింది కూడా జనానికి మెరుస్తా కనపడాలని మాత్రమే కాదు, తోలు కోసం. ఈ సంగతి అర్థమైనాకే నా దగ్గరున్న 26 అంగుళాల పాత డ్రమ్ములో ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో తేలింది. మన సీమలో ఎవరింట్లోనన్నా అటక మీద ఇట్లాంటిది ఉంటే దానికి డ్రిల్లు పెట్టకముందే ఇది చదవండి.

నా డ్రమ్ము గుంతకల్లుది. రైల్వే ఊరు గదా, ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బాగా ఉండేవి, డ్యాన్సులు, బ్యాండ్లు అన్నీ నడిచేవి. అక్కడినుంచి అనంతపురంలో ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళ చేతికొచ్చింది, వాళ్ళు బ్యాండు ఆపేసినాక నాకిచ్చినారు. చెక్క షెల్లు (డ్రమ్ము గుండ్రటి ఒళ్ళు), తోలుని అంచున పట్టుకునే చెక్క రింగులు, చేత్తోనే తిప్పి బిగించే బోల్టులు, రెండు పక్కలా తోలే, ప్లాస్టిక్ లేదు. కంపెనీ పేరు ఎక్కడా లేదు, ఉన్నా లేకున్నా నాకు దాని మీద ఉన్న ప్రేమ తగ్గదు.

ఇంక అసలు కత. 1909లో చికాగోలో లుడ్విగ్ అన్నదమ్ములు కాలితో కొట్టే పెడల్ అమ్మడం మొదలుపెట్టినాక ఒక్క మనిషే కూర్చుని అన్ని డ్రమ్ములూ వాయించే పద్ధతి బాగా పుంజుకుంది, పెద్ద డ్రమ్ము నేల మీద నిలబడింది, దాని ముందు తోలు నేరుగా జనం వైపు తిరిగింది. అంత పెద్ద గుండ్రటి జాగా ఖాళీగా ఎవరు వదుల్తారు, 1920ల్లో దాని మీద జలపాతాలు, వెన్నెల్లో చెరువులు, కొండలు రంగులతో వేయించుకునేవాళ్ళు, లోపల బల్బులు వెలిగిస్తే బొమ్మ మొత్తం వెలిగేది. ఆరుతా వెలుగుతా ఉండే బల్బులు కూడా ఉండేవి, లుడ్విగ్, లీడీ లాంటి కంపెనీలు వీటిని కేటలాగుల్లో పెట్టి అమ్మినాయి.

కానీ బల్బు చేసే రెండో పనే నాకు ముఖ్యం. తోలు గాలిలో తేమని పీల్చుకుంటే సాగిపోతాది, సాగితే దెబ్బ కొట్టినప్పుడు మోగదు, చప్పగా వస్తాది. డప్పు వాయించేవాళ్ళు గడ్డి మంట వేసి డప్పు కాచుకోవడం మనమంతా చూసినదే. బేస్ డ్రమ్ముని మంట మీద పెట్టలేం కాబట్టి లోపలే బల్బు పెట్టినారు, ఫిలమెంటు బల్బు తినే కరెంటులో చానా భాగం వేడిగానే పోతాది, ఆ వేడికి తోలు పొడిగా, బిగువుగా ఉంటాది. 1957 ప్రాంతంలో పాలిస్టర్ ఫిల్ముతో చేసిన ప్లాస్టిక్ హెడ్లు, అంటే తోలు బదులు బిగించే పొరలు, వచ్చినాక ఈ అవసరం తీరిపోయింది.

ఇప్పుడు మనం షాపుకి పోయి ఎల్ఈడీ స్ట్రిప్ తెచ్చి లోపల అంటిస్తే వెలుగు వస్తాది, వేడి దాదాపు రాదు. ప్లాస్టిక్ హెడ్ ఉన్న డ్రమ్ముకి అదే మంచిది. తోలు డ్రమ్ముకి మాత్రం సగం పనే అయినట్టు. అట్లని బల్బే పెట్టి ఏడాదంతా వెలిగిస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే మనది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, ఏప్రిల్ మే నెలల్లో గాలే తోలుని పీకి పెడతాది, దానికి తోడు లోపల వేడి కూడా పెడితే అంచు దగ్గర చీలిపోతాది. బ్యాండు మాస్టరు తాత డ్రమ్ము నా చేతికి ఇస్తా చెప్పిన మాట ఇదే, "నాయనా, ఎండాకాలం దీనికి వేడి సూపొద్దు, వాయించినాక బోల్టులన్నీ ఒక చుట్టు వదులు చేసి పెట్టు". నా లెక్క ప్రకారం ఇక్కడ బల్బు అవసరం పడేది సెప్టెంబరు, అక్టోబరు వానల్లో, లేకుంటే నెల్లూరు, విశాఖ వైపు వాయించను పోయినప్పుడు. మిగతా కాలమంతా ఎల్ఈడీ చాలు. అందుకే రెండూ పెట్టినా, వేరేవేరే స్విచ్చులతో.

షెల్లుకి కొత్త రంధ్రం ఒక్కటి కూడా కొట్టలేదు. పాత డ్రమ్ములకి పక్కన గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటాది, వైరు దాంట్లోనుంచే తెచ్చినా, చెక్క అంచుకి రాసుకోకుండా మధ్యలో రబ్బరు వాచరు. స్ట్రిప్‌ని కూడా నేరుగా చెక్కకి అంటించలేదు, ఆ జిగురు పాత వార్నిష్‌ని పట్టుకుంటే తీసేటప్పుడు పొరతో సహా వస్తాది. ఎలక్ట్రీషియన్లు గోడకి కొట్టే ప్లాస్టిక్ కేసింగ్ ఉంటాది గదా, దాని పైమూత పట్టీని గుండ్రంగా వంచి లోపల పెడితే అది తనంతట తనే బయటికి తన్నుకుని షెల్లుకి అదుముకుని నిల్చుంటాది, స్ట్రిప్ ఆ పట్టీకి అంటించినా. రేపు వద్దనుకుంటే పట్టీ లాగేస్తే డ్రమ్ము ఎట్లుండేదో అట్లే ఉంటాది.

26 అంగుళాల డ్రమ్ము లోపలి చుట్టు రెండు మీటర్లు వస్తాది. అనంతపురం పాతూరులో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా 12 వోల్టుల స్ట్రిప్ ఐదు మీటర్ల చుట్ట ఇస్తారు, మూడేసి లైట్లకి ఒక కత్తిరింపు గుర్తు ఉంటాది, అక్కడే కత్తిరించాల. మీటరుకి 60 చిన్న లైట్లుండేది తీసుకుంటే మీటరుకి 4.8 వాట్లు, అంటే మొత్తానికి పది వాట్లలోపే. రంగు విషయంలో నా మాట వినండి, తెల్లటి కూల్ వైట్ వద్దు, తోలు పాలిపోయినట్టు కనపడతాది. కొంచెం పసుపు తిరిగిన వార్మ్ వైట్ వెలిగించినప్పుడు ఆ తోలు తేనె రంగుకి తిరిగింది, లోపలి నరాల గీతలు కొమ్మలు కొమ్మలుగా బయటపడినాయి, వెన్నెముక ఉన్నచోట మందంగా ఒక నీడ పట్టీ పైనుంచి కిందికి, అంచుల వైపు పోయేకొద్దీ పల్చన. పగటి పూట మామూలుగా మురికి పసుపుగా కనపడే తోలే అది. ప్లాస్టిక్ మీద ఎంత ఖర్చు పెట్టినా ఇది రాదు.

స్ట్రిప్‌ని ముందు తోలుకి దగ్గరగా పెడితే ఒక్కో లైటు చుక్కలాగా విడిగా కనపడతాది, అంచు మండిపోతా మధ్యలో చీకటి. వెనక తోలు వైపుకి జరిపి, షెల్లు లోపల తెల్ల చార్టు పేపరు చుట్టి పెడితే వెలుగు తిరిగి కొట్టుకుని సమంగా పడతాది. షెల్లుకి తెల్ల పెయింటు కొట్టమనే వాళ్ళున్నారు, నేనైతే ఒప్పుకోను.

బల్బు సంగతి. ఊరేగింపుల్లో మోసే డ్రమ్ములోకి 230 వోల్టుల కరెంటు ఎవరు చెప్పినా తీసుకుపోవద్దు, బోల్టులన్నీ ఇనుమే, వాయించే మనిషి చెమటతో తడిసి ఉంటాడు. బైకు ఇండికేటర్ బల్బు 12 వోల్టులు, 10 వాట్లు, ఏ మెకానిక్ షాపులోనైనా హోల్డరుతో సహా దొరుకుతాది. అవి రెండు పెట్టినా, ఇండ్లల్లో రాత్రిపూట వేసే పాత ఫిలమెంటు జీరో బల్బు ఒకటి ఇచ్చే వేడి కన్నా కొంచెం ఎక్కువే వస్తాది, తోలుకి అంతకు మించి వద్దు. లోపల అడ్డంగా ఒక చెక్క పట్టీ, రెండు కొసలకీ కంబళి ముక్కలు పెట్టి బిగువుగా ఇరికించి, బల్బులు రెండు తోళ్ళకీ సమాన దూరంలో వచ్చేట్టు కట్టినా, మా డ్రమ్ము లోతు 14 అంగుళాలు కాబట్టి అటూ ఇటూ ఏడేసి అంగుళాలు దూరం. చార్టు పేపరు ఆ బల్బుల దగ్గర్లోకి రాకూడదు. స్ట్రిప్, బల్బులు కలిపి 30 వాట్లు, అంటే రెండున్నర ఆంపియర్లు, 5 ఆంపియర్ల అడాప్టరు హాయిగా లాగుతాది. ఊరేగింపుకైతే యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, ఎల్ఈడీ ఒక్కటే వేస్తే ఒక రాత్రి ఊరేగింపు గడిచిపోతాది. బ్యాటరీ వైరులో ఫ్యూజు తప్పకుండా పెట్టండి.

జాయింట్లన్నీ సోల్డరు చెయ్యాల్సిందే. క్లిప్పు కనెక్టర్లు టేబుల్ మీద బాగుంటాయి, డ్రమ్ములో ప్రతి దెబ్బకీ అదురుతాయి, ఊడతాయి. వైరు ఎక్కడా వేలాడకూడదు, అర అంగుళం వదులున్నా చెక్కకి తగిలి జర్రుమని శబ్దం వస్తాది, మైకు పెడితే అది పదింతలు వినపడతాది.

పాత తోలు విప్పేటప్పుడు బోల్టులు ఒక్కోదాన్ని కొంచెం కొంచెం, ఎదురెదురుగా వదులు చెయ్యండి, విప్పిన తోలుని రింగుతో సహా చదునుగా పడుకోబెట్టి లోపల పని అదే రోజు ముగించి మళ్ళీ ఎక్కించండి, ఆలస్యమైతే రింగు వంకర పోతాది.

ఇంక మిగిలింది ముందు తోలు మీద బొమ్మ. దీనికి నాకు వేరే దేశం వైపు చూడాల్సిన పని లేదు, ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. మేక తోలుని పల్చగా గీకి, రంగులేసి, వెనక దీపం పెట్టి ఆడించే తోలుబొమ్మలు తరతరాలుగా చేస్తున్న ఊరు, అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళు ఇప్పుడు తోలుతో లాంపు షేడ్లు కూడా చేస్తున్నారు, అంటే తోలు వెనక బల్బు ఎంత దూరంలో ఉండాలో, ఏ రంగు వెలుగుని దాటనిస్తుందో వాళ్ళకి చేతుల్లోనే తెలుసు. ఇనుప గేట్లకి వేసే ఎనామిల్ పెయింటు మాత్రం తోలు మీద వెయ్యొద్దు, వెలుగుని పూర్తిగా ఆపేస్తాది, తోలు సాగినప్పుడు పొరలుగా పగుల్తాది కూడా. బొమ్మ పెన్నహోబిలం జలపాతం అనుకున్నా. రాళ్ళకి, చెట్లకి ముదురు రంగులు, నీళ్ళు దూకే చోట మాత్రం రంగే వెయ్యకుండా తోలు అట్లే వదిలెయ్యమని అడుగుతా. వానలు తగ్గినాక నిమ్మలకుంటకి డ్రమ్ము తీసుకుపోతా, తోలు ఒక్కటే విప్పి పంపితే రింగు వంకర పోతాది కాబట్టి మొత్తం డ్రమ్మే బస్సెక్కాల.