‘ది హే వెయిన్’ కాపీ: ఆకాశం అయ్యింది, చెట్లు నడుస్తున్నాయి

ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ వేసిన ‘ది హే వెయిన్’ (అంటే గడ్డి బండి) కాపీ చేస్తున్నాను, ఇప్పటికి ఆకాశం అయ్యింది, చెట్లు సగంలో ఉన్నాయి, ఏరు ఇంకా ముట్టుకోలేదు. 1821 నాటి ఆయిల్ పెయింటింగ్ ఇది, ఒరిజినల్ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పల్లెటూరి బొమ్మ నేర్చుకోవాలంటే కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి, ఏటి ఒడ్డున ఇల్లు, పెద్ద చెట్లు, నీళ్లలో దిగిన ఖాళీ బండి, దూరంగా పొలంలో గడ్డి కోసేవాళ్లు.

ఒరిజినల్ సైజు సుమారు 130 బై 185 సెంటీమీటర్లు, ఆ పొడవు వెడల్పుల నిష్పత్తి మన ఏ3 షీటుకి దాదాపు సరిపోతుంది, అందుకే ఏమీ కత్తిరించక్కర్లేకుండా మొత్తం బొమ్మ పడుతుంది. 300 జీఎస్‌ఎం మందపాటి పేపర్ తీసుకుని నాలుగు వైపులా టేపుతో అట్టకి అంటించేశా, ఒరిజినల్ బొమ్మ ప్రింట్ మీద, ఈ పేపర్ మీద అడ్డంగా 6, నిలువుగా 4 గళ్లు గీసి ఒక్కో గడి చూసుకుంటూ డ్రాయింగ్ దించాను. పెన్సిల్ మాత్రం తేలిగ్గా పట్టుకోండి, గట్టిగా నొక్కితే లేత ఆకాశం కింద గీతలు కనిపిస్తాయి.

రంగులు అక్రిలిక్. ఫ్యాన్ కింద ఇట్టే ఆరిపోతుంది, మబ్బుల అంచులు కలపడానికి టైమ్ ఇవ్వదు, అందుకని ఆకాశం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేసి, మధ్యమధ్యలో స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టుకుంటూ వేశాను. వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టమే కానీ గాల్లో ఆ తేమ ఉండటం వల్లే రంగు ఇంకాస్త సేపు తడిగా ఉంటుంది. ఇంకోటి, అక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది, కాబట్టి కావలసినదానికంటే ఒక మెట్టు లేతగా కలుపుకోవాలి.

మబ్బుల కోసం సాయంత్రాలు ఆర్‌కే బీచ్‌లో కూర్చుని చూస్తున్నాను. మన నెత్తి మీద మబ్బు పెద్దగా గుండ్రంగా ఉంటే సముద్రం అంచుకి వెళ్లేకొద్దీ చిన్నవై, పల్చబడి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఇది తెలిశాక కాన్‌స్టబుల్ ఆకాశంలో అంత లోతు ఎలా వచ్చిందో అర్థమైంది. ల్యాండ్‌స్కేప్‌లో భావమంతా ముఖ్యంగా ఆకాశంలోనే ఉంటుందని ఆయన అదే ఏడాది ఓ ఉత్తరంలో రాశాడు. ఈ బొమ్మ పొలంలో కూర్చుని వేసింది కూడా కాదు, బయట చేసుకున్న స్కెచ్‌లు పెట్టుకుని లండన్ స్టూడియోలో వేశాడు, ముందు ఇదే సైజులో ఇంకో ఆయిల్ స్కెచ్ కూడా చేసుకున్నాడు.

అసలు పాఠం పచ్చరంగు దగ్గరుంది. ట్యూబ్‌లోని శాప్ గ్రీన్ నేరుగా వేస్తే చెట్లన్నీ ప్లాస్టిక్ ఆకుల్లా ఉంటాయి. అల్ట్రామరైన్ బ్లూలో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపితే మట్టి కలిసిన పచ్చ వస్తుంది, నీడకి అందులోనే బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఎండ పడ్డ చోట లెమన్ ఎల్లో, దూరపు చెట్లకి తెలుపు, నీలం కొంచెం ఎక్కువ. ఆకులు ఒక్కొక్కటిగా వెయ్యకుండా ముందు ముదురు గుంపులు పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి ఒరిజినల్ ప్రింట్ పక్కన పెట్టి చూస్తున్నాను, నీడ చాలిందో లేదో అక్కడ తెలిసిపోతుంది. అది కుదిరాకే అరిగిన పాత బ్రష్‌తో వెలుగు చుక్కలు.

తర్వాత ఏరు. బండి గుర్రాల మెడ పట్టెడల మీది ఎరుపు అన్నిటికంటే ఆఖర్న వేస్తాను, చుట్టూ పచ్చ మొత్తం కుదిరితేగానీ ఆ ఎరుపు ఎంత ఉండాలో తేలదు.