కమిట్ లోపల ఏముంటుంది: ఒక ఇంటర్వ్యూ తర్వాత నేను చదివిన తీరు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల రాత పరీక్షలకూ ఇంటర్వ్యూలకూ సిద్ధమవుతున్న తోటి అభ్యర్థుల కోసం, ఫైళ్లలో వచ్చే మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనానికి సంబంధించిన ఒక్క విషయం మీదే ఈ అనుభవం రాస్తున్నాను. మొదటి ఇంటర్వ్యూలో, కమిట్ చేసినప్పుడు, అంటే ఫైళ్ల ప్రస్తుత స్థితిని చరిత్రలో నమోదు చేసినప్పుడు, గిట్ ఏం దాస్తుందని అడిగితే, పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ మధ్య ఉన్న తేడాను దాస్తుందని తడుముకోకుండా చెప్పాను. అది తప్పని బయటికి వచ్చాక గానీ తెలియలేదు. అప్పటికే చాలా కమాండ్లు నాకు కంఠతా వచ్చు, కానీ వాటి వెనుక జరిగే పనిని ఒక్కసారైనా కళ్లతో చూడలేదు.

ఆ తర్వాత పగలు విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో నోట్సు రాసుకుని, సాయంత్రం మద్దిలపాలెంలోని గదికి వచ్చి ప్రయోగం చేసేవాణ్ణి. కొత్త రిపాజిటరీలో, అంటే గిట్ చరిత్ర దాచే ప్రాజెక్టు ఫోల్డరులో, రెండే ఫైళ్లు పెట్టాను: ఒకదానిలో గాజువాక వెళ్లే దారిలోని బస్సు స్టాపుల పేర్లు, రెండోదానిలో మెస్ ఖర్చులు. రెండింటినీ యాడ్ చేయగానే, అంటే తర్వాతి కమిట్ కోసం సిద్ధం చేయగానే, గిట్ తన సమాచారం దాచుకునే డాట్ గిట్‌లోని ఆబ్జెక్ట్స్ ఫోల్డరులో రెండు బ్లాబ్‌లు, అంటే ఫైలు కంటెంట్‌ను మాత్రమే దాచే ఆబ్జెక్టులు, కనిపించాయి. కమిట్ చేశాక మొత్తం నాలుగయ్యాయి, ఎందుకంటే ఫైళ్ల పేర్లను వాటి బ్లాబ్‌లతో జతచేసే ట్రీ ఒకటి, ఆ ట్రీని చూపించే కమిట్ ఒకటి వచ్చి చేరాయి. ఖర్చుల ఫైలులో ఒక్క అంకె మార్చి మళ్లీ కమిట్ చేస్తే ఏడయ్యాయి. కొత్త బ్లాబ్, కొత్త ట్రీ, కొత్త కమిట్ పుట్టాయి కానీ, మారని స్టాపుల ఫైలుకు రెండో నకలు పుట్టలేదు. కొత్త ట్రీ కూడా ఆ పాత బ్లాబ్‌నే చూపిస్తుంది. ప్రతి కమిటూ ఆ క్షణంలోని ప్రాజెక్టు మొత్తానికి తీసిన ఫొటో లాంటిదని నాకు అర్థమైంది ఈ లెక్క వల్లనే.

అన్నిటికంటే ఎక్కువ సమయం హ్యాష్ దగ్గర, అంటే కంటెంట్ నుంచి లెక్కగట్టి ప్రతి ఆబ్జెక్టుకూ పేరుగా వాడే విలువ దగ్గర, పట్టింది, అంత సమయం ఇవ్వదగిన భాగం కూడా అదే. బ్లాబ్ అనే మాట, ఒక ఖాళీ, కంటెంట్ ఎన్ని బైట్లో ఆ సంఖ్య, ఒక సున్నా బైటు, ఆపైన కంటెంట్: వీటన్నిటినీ కలిపి ఎస్‌హెచ్‌ఏ-1 అనే హ్యాష్ లెక్కకు ఇస్తే 160 బిట్ల విలువ, అంటే 40 హెక్సాడెసిమల్ అంకెలు వస్తాయి. 'విశాఖ' అని రాసిన ఫైలుకు నేనే లెక్కగట్టిన హ్యాష్ రెండు రోజుల పాటు గిట్ ఇచ్చినదానితో సరిపోలలేదు. కంటికి మూడక్షరాలే కనిపించినా, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో గుణింతపు గుర్తులు కూడా విడిగా మూడేసి బైట్లు తీసుకుంటాయని, అందువల్ల ఆ మాట 15 బైట్లని, లైను చివరి గుర్తుతో కలిపి 16 అని తెలిశాక సరిపోయింది. ఆ సాయంత్రం కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

కమిట్‌ను, ఆబ్జెక్టు లోపలిది చూపించే క్యాట్-ఫైల్ కమాండుతో తెరిస్తే ట్రీ హ్యాష్, పేరెంట్ హ్యాష్ (అంటే దీనికి ముందటి కమిట్ హ్యాష్), రాసినవారి పేరు, కమిట్ చేసినవారి పేరు, సమయాలు, సందేశం కనిపిస్తాయి. ఇంటర్వ్యూ ప్రశ్నల్లో సగం ఇక్కడి నుంచే వస్తాయని నా అభిప్రాయం. ఇద్దరు ఒకే ఫైళ్లను కమిట్ చేస్తే ట్రీ హ్యాష్ ఒకటే అవుతుంది, పేర్లూ సమయాలూ వేరు కాబట్టి కమిట్ హ్యాష్‌లు వేరవుతాయి. పేరెంట్ హ్యాష్ లోపలే ఉంటుంది కాబట్టి పాత కమిట్ ఒకదాన్ని మార్చితే దాని తర్వాతివన్నీ కొత్త హ్యాష్‌లతో మళ్లీ పుట్టాలి. అమెండ్ చేసినా, అంటే చివరి కమిట్‌ను సరిదిద్దినా, పాత కమిట్ వెంటనే చెరిగిపోదు, ముందు ఏ కమిట్ మీద ఉన్నామో రాసి ఉంచే రెఫ్‌లాగ్ ద్వారా తిరిగి తెచ్చుకోవచ్చు. బ్రాంచ్ అంటే చివరి కమిట్ హ్యాష్‌ను గుర్తుంచుకునే పేరు మాత్రమే.

రెండో ఇంటర్వ్యూలో ఈ వరుసలోనే చెప్పాను. అంతా విన్నాక ఇంటర్వ్యూ చేస్తున్నాయన, గిట్ ఎక్కడా తేడాలను దాచదా అని అడిగారు. ఆబ్జెక్టులను సర్దిపెట్టే గిట్ జీసీ కమాండు నడిపాక నా ఫోల్డరులోని విడి ఆబ్జెక్టులు మాయమై ఒక ప్యాక్‌ఫైలులోకి చేరడం అంతకుముందే చూసి ఉన్నాను కాబట్టి, చోటు ఆదా కోసం ప్యాక్‌లో ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఆబ్జెక్టులను తేడాల రూపంలో ఉంచుతుందని, అయినా హ్యాష్ మాత్రం పూర్తి కంటెంట్‌దేనని, కమిట్ అర్థం ఏమీ మారదని జవాబిచ్చాను. ఆయన తర్వాతి అంశానికి వెళ్లారు.