స్క్రీన్ మీద రూపాయి కనిపిస్తే

ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ కలిపి ఒకే టూర్‌గా చూసి రావడం ఈమధ్య మనవాళ్లకు బాగా అలవాటైంది. ఒకే షెంగెన్ వీసా మూడు దేశాలకూ సరిపోతుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రైల్లో కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి దిగిపోవచ్చు. మూడు దేశాలూ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నాయి కాబట్టి అంతటా యూరో చెల్లుతుందనుకుంటాం. కానీ చెక్ దేశంలో కొరునా, ఆస్ట్రియాలో యూరో, హంగేరీలో ఫోరింట్. సరిహద్దులో పాస్‌పోర్టు చూసేవాడు సాధారణంగా ఉండడు గానీ పర్సులో డబ్బు మాత్రం మారాలి.

2024 మే నెలలో విజయవాడ నుంచి నేను, మావారు, అక్క, బావగారు బయల్దేరాం. నేను పనిచేసేది ఆడిటర్ ఆఫీసులో. అందుకే టిక్కెట్లు, హోటళ్లు మావారికి, కార్డుల వ్యవహారం నాకు అని ఇంట్లో పంపకాలు జరిగిపోయాయి. బావగారికి ఏ బాధ్యతా ఇవ్వలేదు. ఆయనకు కార్డంటే నమ్మకం లేదు. నడుముకు కట్టుకునే సంచీలో యూరో నోట్లు పెట్టుకుని, విమానంలో నిద్రలో కూడా దాని మీద చెయ్యేసుకునే ఉన్నారు.

వెళ్లేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోవాలి. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశం వరకే పనిచేసేలా వస్తాయి, బయట వాడాలంటే మనమే మీట నొక్కాలి. అక్కడే ఏటీఎంకి, దుకాణాలకి, ఆన్‌లైన్‌కి వేర్వేరు పరిమితులు కూడా పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌ది నేను బాగా తగ్గించేశాను. విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగకుండానే డబ్బు లాగేసుకోగలవు, నా టెన్షన్ అది.

ఇక ఖర్చు లెక్క. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల మీద మన బ్యాంకులు సాధారణంగా 3.5 శాతం దాకా ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ డబ్బులోకి మార్చినందుకు అదనపు రుసుము, వేస్తాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే 4.13 శాతం. అంటే లక్ష రూపాయలు ఖర్చుపెడితే 4,130 రూపాయలు ఊరికే పోతాయి. మార్కప్ లేని క్రెడిట్ కార్డులు ఇప్పుడు కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి, అలాంటిది ఒకటి ముందే తీసుకున్నాను. తోడుగా యూరోలు నింపిన ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు ఒకటి. ఫారెక్స్ కార్డుకి మార్కప్ లేదని కౌంటర్లో గొప్పగా చెబుతారు గానీ, బజార్లో యూరో 90 రూపాయలున్న రోజున కార్డులో నింపేటప్పుడు 92 వేస్తే ఆ రెండు రూపాయలేమిటి? పేరు మారిందంతే. పైగా ఆ కార్డులో కొరునా లేదు, ఫోరింట్ లేదు. యూరో కార్డుని ప్రాగ్‌లో గీకితే మళ్లీ యూరో నుంచి కొరునాకి మార్చినందుకు ఇంకో రుసుము. కాబట్టి ఆ కార్డు వియన్నాలో తప్ప బయటికి తీయకూడదని నిర్ణయించుకున్నాను. విదేశాలకు పంపే డబ్బు అప్పట్లో ఏడు లక్షలు దాటితే ముందే కోసుకునే పన్ను, టీసీఎస్, ఆ గొడవ మా స్థాయిది కాదు.

ప్రాగ్ విమానాశ్రయంలో దిగగానే బావగారికి ఏటీఎం కనిపించింది. నోట్లు చాలవేమోనని అప్పటికే ఆయన మనసు మారింది. డెబిట్ కార్డు పెట్టి 5,000 కొరునాలు అడిగారు. మిషన్ చాలా మర్యాదగా, మీ ఖాతాలోంచి అక్షరాలా ఇన్ని రూపాయలు తీసుకుంటాం అని 20,500 చూపించింది. కింద రెండు బటన్లు. మార్పిడితో కావాలా, మార్పిడి లేకుండానా. మార్పిడితో అన్నది పెద్దగా, రంగుతో వెలుగుతోంది. బావగారి మొహం కూడా వెలిగింది.

"చూశావా అమ్మా, ఎంత పద్ధతిగా మన రూపాయల్లోనే చెబుతున్నాడో."

"అది నొక్కకండి బావగారూ, రెండోది నొక్కండి" అన్నాను.

దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మనం మార్పిడి ఒప్పుకుంటే రేటు నిర్ణయించేది ఆ మిషన్ వాళ్లు. వద్దంటే లావాదేవీ కొరునాల్లోనే వెళ్లి, మన కార్డు కంపెనీ, వీసానో మాస్టర్‌కార్డో, ఆ రోజు రేటుతో రూపాయల్లోకి మారుస్తుంది. ఆ రోజుల్లో కొరునా దాదాపు 3 రూపాయల 63 పైసలు. 5,000 కొరునాలంటే 18,150 రూపాయలు. బావగారి బ్యాంకు మార్కప్, జీఎస్టీ 750, ఏటీఎం వాడినందుకు బ్యాంకు రుసుము ఇంకో 177 వేసుకున్నా 19,100 దాటదు. మిషన్ అడుగుతున్నది 20,500. దాని మీద మన బ్యాంకు రుసుములు అదనం. రూపాయల్లోనే పడింది కదా అని అన్ని బ్యాంకులూ వదిలేయవు, విదేశంలో జరిగిన లావాదేవీ రూపాయల్లో ఉన్నా కొన్ని బ్యాంకులు రుసుము వేస్తాయి.

వద్దని నొక్కితే మిషన్ ఒక పట్టాన ఊరుకోలేదు. నిజంగా వద్దా, రేటుకి మా గ్యారంటీ ఉండదు సుమా అన్నట్టు ఇంకో స్క్రీన్ తెచ్చింది. బావగారు నా వైపు చూశారు. లావాదేవీ మొత్తం రద్దు చేయించి, ఊళ్లోకి వెళ్లాక ఒక బ్యాంకు శాఖ గోడకున్న ఏటీఎంలో తీయించాను. విమానాశ్రయాల్లో, పర్యాటకులు తిరిగే వీధుల్లో కనిపించే ఏటీఎంలు చాలావరకు బ్యాంకులవి కావు. వాటికి ఆదాయమే ఈ మార్పిడి, పైన వేసే రుసుము.

నిజానికి ప్రాగ్‌లో నోట్ల అవసరం అంతగా లేదు. ట్రామ్ లోపలే కార్డు తాకిస్తే టిక్కెట్ ఇచ్చే మిషన్లున్నాయి. కొన్ని టాయిలెట్ల దగ్గర మాత్రం నాణేలు అడుగుతారు, అందుకు కాసిని చిల్లర చాలు. కానీ చేతిలో నోటు లేకపోతే బావగారికి కాళ్లు ఆడవు.

మర్నాడు ఓల్డ్ టౌన్ స్క్వేర్. 1410లో కట్టిన ఖగోళ గడియారం కింద గంట కొట్టేముందు జనం తలలు పైకెత్తి నిలబడతారు. చుట్టూ వీధుల్లో డబ్బులు మార్చే దుకాణాలు, సున్నా శాతం కమిషన్ అని బోర్డులు. కమిషన్ ఎందుకు తీసుకోవాలి, లాభమంతా రేటులోనే ఉంటే! మేం గడియారం చూస్తుండగా బావగారు మెల్లగా జారుకుని 100 యూరోలు మార్చుకొచ్చారు. 2,050 కొరునాలు ఇచ్చారట. అప్పటి బజారు రేటుకి 2,470 దాకా రావాలి. నాలుగు వందల పైచిలుకు కొరునాలు, అంటే పదిహేను వందల రూపాయలు, గడియారం బొమ్మలు తిరిగి ఆగేలోపు పోయాయి. అక్క ఏమీ అనలేదు. అనకపోవడమే బావగారికి కష్టంగా ఉంది.

రశీదు ఉందా అని అడిగాను. ఉంది. 2019 ఏప్రిల్ నుంచి చెక్ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. వెయ్యి యూరోల విలువ వరకు డబ్బు మార్చుకున్నవాళ్లు మూడు గంటల్లోపు వెనక్కి వచ్చి రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, దుకాణదారు పైసా తగ్గించకుండా తిరిగి ఇవ్వాలి. ప్రాగ్‌లో పర్యాటకులు ఏళ్ల తరబడి మోసపోయాక తెచ్చిన చట్టం ఇది. కౌంటర్లో అమ్మాయి ముందు అర్థం కానట్టు నటించింది. రశీదు, 2,050 కొరునాలు ముందు పెట్టి, రద్దు చేయండి అని మావారు రెండోసారి గట్టిగా అనేసరికి మారుమాట లేకుండా ఒక కాగితం మీద సంతకం చేయించుకుని వంద యూరో నోటు ఇచ్చేసింది. బావగారు ఆ నోటుని వెలుతురుకి పెట్టి మరీ చూశారు.

అక్కడి నుంచి చార్లెస్ బ్రిడ్జి వైపు నడుస్తుంటే ఒకతను దగ్గరకొచ్చి, ఇంకా మంచి రేటు ఇస్తానన్నాడు. ఈసారి బావగారే చెయ్యి ఊపి పంపేశారు. వీధిలో మార్చేవాళ్ల చేతిలోంచి వచ్చేవి కొన్నిసార్లు చెల్లని పాత బల్గేరియా నోట్లు, కొన్నిసార్లు హంగేరీ ఫోరింట్లు. అప్పటి రేటుకి వెయ్యి కొరునాల నోటు మనకు 3,600 రూపాయలైతే వెయ్యి ఫోరింట్ల నోటు 230. రెంటి మీదా వెయ్యి అనే ఉంటుంది, కొత్తవాళ్లకు తేడా ఎక్కడ తెలుస్తుంది?

వియన్నాలో ఈ తిప్పలేవీ లేవు. యూరో కార్డు యూరో దేశంలో గీకాం, అంతే. అక్కడివాళ్లకు నోట్లంటే మహా ఇష్టం. కొన్ని చిన్న హోటళ్లలో నగదే ఇమ్మన్నారు. బావగారి సంచీకి విలువ వచ్చింది అక్కడే, రెండు పూటలు కాఫీ, కేకులు ఆయనే ఇప్పించారు.

బుడాపెస్ట్‌లో సున్నాల గోల. నలుగురం రాత్రి భోజనం చేస్తే బిల్లు 24,000 ఫోరింట్లు. అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. రూపాయల్లో చూస్తే 5,600 లోపే. అందులో సర్వీస్ చార్జీ ముందే కలిపి ఉంది, అది చూడకుండా మళ్లీ టిప్పు ఇచ్చేవాళ్లు ఎందరో. వెయిటర్ కార్డు మిషన్ తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా తనే ఏదో నొక్కేసి కార్డు తాకించమన్నాడు. తాకించే ముందు మిషన్ ఇలా తిప్పమన్నాను. 5,960 రూపాయలు అని ఉంది. ఏటీఎంలో ఉన్న బటనే ఇక్కడా ఉంది, తేడా ఏమిటంటే నొక్కే వేలు మనది కాదు. కార్డు కంపెనీల నిబంధన ప్రకారం ఎంచుకునే హక్కు కార్డు ఉన్నవాళ్లదే. ఫోరింట్లలో వేయండి అంటే అతను భుజాలు ఎగరేసి మళ్లీ కొట్టాడు. గొడవేమీ పడలేదు. బహుశా రోజుకి పదిమందిలో ఒకరు అడుగుతారు, అతనికి అలవాటే.

ఏటీఎంలో తేడా పదమూడు శాతం దాకా ఉంటే ఇక్కడ ఏడు శాతం. నాకు కోపం వచ్చేది శాతాల మీద కాదు. మన రూపాయి కనపడగానే మనకు కలిగే నమ్మకం ఉంది చూశారూ, దానికి ధర కట్టి మనకే అమ్ముతున్నారు. తెలియని ఊళ్లో, తెలియని అంకెల మధ్య తెలిసిన లెక్క ఒకటి కనిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. అందులో బావగారి అమాయకత్వం ఏమీ లేదు. 1896 నాటి మెట్రో ఎక్కి సెచెని వేడినీటి స్నానాలకు వెళ్తూ ఇదే చెబితే, ఆయన "మరి రేపు రేటు పడిపోతే?" అన్నారు. మంచి ప్రశ్నే. కార్డు గీకిన రోజు రేటు కాకుండా లావాదేవీ సెటిల్ అయిన రోజు రేటు పడే అవకాశం ఉంది. ఒకటి రెండు రోజుల్లో ఆ తేడా మామూలుగా అర శాతమో, ఒక శాతమో. దానికి భయపడి ఏడు శాతం ముందే ఇచ్చుకోవడం దండగ.

ఆఖరి రోజు చిల్లర వదిలించుకోవాలి. డబ్బులు మార్చేవాళ్లు నాణేలు తీసుకోరు. విమానాశ్రయంలో మిరపపొడి పొట్లాలు, చాక్లెట్లు కొని, ఉన్న ఫోరింట్లన్నీ కౌంటర్ మీద గుమ్మరించి, మిగిలినది కార్డు మీద వేయమంటే వేశారు. ఇది చాలా దుకాణాల్లో కుదురుతుంది, అడగాలంతే.

ఇంటికొచ్చాక స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చున్నాను. నా క్రెడిట్ కార్డులో ప్రతి ఖర్చుకీ ఒకటే వరుస. బావగారి డెబిట్ కార్డులో ఒక్క ఏటీఎం వాడకానికి డబ్బు ఒక వరుస, మార్కప్ ఒకటి, రుసుము ఒకటి, జీఎస్టీ ఇంకొకటి. బుడాపెస్ట్‌లో అక్క కొన్న చెప్పులు సరిపోక మర్నాడు తిరిగి ఇచ్చిన సంగతి కూడా అందులో ఉంది. దుకాణం ఫోరింట్లు పూర్తిగానే వాపసు చేసింది. అప్పుడు వాడింది బావగారి కార్డే, కాబట్టి రూపాయల్లో తిరిగొచ్చింది మాత్రం మూడు వందలు తక్కువ. కొన్నప్పటి రేటు, వాపసు వచ్చినప్పటి రేటు వేరు. మొదట పడిన మార్కప్పూ వెనక్కి రాలేదు. ఆ మార్కప్ తిరిగి ఇమ్మని బ్యాంకుకి నేనే మెయిల్ రాసి పెట్టాను. బావగారు మాత్రం శ్రీలంక టూర్ వివరాలు పంపమంటున్నారు, అక్కడ యూపీఐ పనిచేస్తుందని ఎవరో చెప్పారట.