తనోట్ అమ్మవారికి పెదనాన్న బాకీ

సంవత్సరీకాలు అయిన వారానికే పెద్దమ్మ అడిగింది, "తనోట్ ఎలా వెళ్లాలో చూడరా అబ్బాయ్" అని. చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు గుడి మెట్లెక్కకూడదు కదా. ఆ ఏడాదంతా ఆవిడ మనసులో ఇదే నలుగుతోందని నాకు అప్పుడు తెలిసింది. మా వైపు మొక్కంటే ద్వారకా తిరుమల, ఇంకా పెద్దదైతే తిరుపతి. ఎక్కడో రాజస్థాన్‌లో, పాకిస్తాన్ సరిహద్దు పక్క ఇసుకలో ఉన్న అమ్మవారికి తాడేపల్లిగూడెం వాళ్లు బాకీ పడటమేంటని చుట్టాలు ఆశ్చర్యపోయారు. బాకీ మా పెదనాన్నది. 1971 డిసెంబరు నాటిది.

పెదనాన్న పుట్టింది గూడెం దగ్గరి మాధవరంలో. దాన్ని ఒట్టి మాధవరం అనేవాళ్లు తక్కువ, మిలటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరి మగవాళ్లు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం ఊళ్లో స్తూపం కూడా ఉంది. అలాంటి ఊళ్లో ఎస్సెస్సెల్సీ తప్పిన కుర్రాడు భర్తీకి వెళ్లడం పెద్ద విశేషమేమీ కాదు. "దేశభక్తితో వెళ్లావా, తిండి కోసం వెళ్లావా?" అని అడిగితే, "రెండింటికీ. ముందు తిండి" అనేవాడు. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటుంది. ఆయన లారీ నేర్చుకుంది దాని మీదే. స్టీరింగ్ పట్టడం వచ్చు కాబట్టి ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్‌గా వేశారు. 1971లో ఆయన వాటాకి వచ్చింది జైసల్మేర్ సెక్టార్, ఒక శక్తిమాన్ లారీ, దాని మీద నీళ్ల ట్యాంకు.

అందుకే ఆయన చెప్పే యుద్ధమంతా నీళ్లే. ఇసుకలో టైర్ల గాలి ఎంత తగ్గించాలి, బండి దిగబడితే చక్రాల కింద ఏం పరచాలి, రాత్రి లైట్లు వేయకుండా ముందు బండి జాడ పట్టుకుని ఎలా పోవాలి, ఇవే కబుర్లు. చిన్నప్పుడు మాకు విసుగొచ్చేది. "ఎంతమందిని చంపావు పెదనాన్నా?" అని అడిగితే, "ఎవర్నీ దాహంతో చావనివ్వలేదు, అది చాల్లే" అని కసురుకునేవాడు. మొక్కు కూడా ఆ లారీ దగ్గరే పుట్టింది. ఒక రాత్రి పైన విమానాలు తిరుగుతుంటే బండి కింద బోర్లా పడుకుని, బతికి ఇల్లు చేరితే పెళ్లాంతో సహా వచ్చి దర్శనం చేసుకుంటానని తనోట్ అమ్మకి మొక్కుకున్నాడట. అప్పటికి ఆయనకి పెళ్లే కాలేదు. "లేని పెళ్లాం మీద మొక్కుకున్న మహానుభావుడు" అని పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

రిటైరై వచ్చాక కొన్నేళ్లు గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి లారీ తోలాడు. తర్వాత ఒక బ్యాంకు గేటు దగ్గర గార్డుగా కూర్చున్నాడు. సైన్యంలో కంటే అక్కడే తుపాకీ ఎక్కువ మోశానని నవ్వేవాడు. ఆడపిల్లలిద్దరి పెళ్లిళ్లు చేశాడు. నెలకోసారి క్యాంటీన్, నవంబరు రాగానే లైఫ్ సర్టిఫికెట్, ఆగస్టు పదిహేనుకి ఇస్త్రీ చొక్కా మీద మెడల్స్. తనోట్ మాటెత్తితే మాత్రం "వచ్చే చలికాలం చూద్దాం" అనేవాడు. డబ్బుల్లేక, మోకాళ్లు బాగోలేక అని ఇంట్లోవాళ్లు అనుకునేవారు. నాకైతే ఆయనకి ఆ ఇసుక మళ్లీ చూడాలని లేదేమో అనిపించేది.

చివరికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకి లీటరుకి మించి నీళ్లు తాగకూడదన్నారు. ఆయన పొద్దున్నే ఒక సీసా నింపుకుని, రాత్రి దాకా దాన్నే పొదుపుగా తాగేవాడు. మేం జాలిపడి ఇంకో గుక్క పోయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "రేషనంటే రేషనే" అనేవాడు.

పోయిన రోజు మాజీ సైనికుల సంఘం నుంచి పెద్దలు వచ్చారు. జెండా కప్పాలా వద్దా అని కాసేపు నడిచింది. ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియలకే జెండా కప్పాలి, రూలు అదే అని ఒక రిటైర్డ్ సుబేదార్ గారు నెమ్మదిగా చెప్పారు. వీధిలో కొందరికి అది నచ్చలేదు. పెదనాన్న ఉంటే ఆయనా అదే మాట అనేవాడు. గుండె మీద పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ పెట్టారు, పూలచక్రం ఉంచారు, వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. కొరివి నేను పెట్టాను.

ఆ తర్వాత సగం ఏడాది ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరగడంతోనే గడిచింది. పెద్దమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, పెన్షన్ ఆర్డర్‌లో ఇంకోలా ఉంది. ఇంట్లో మాజీ సైనికులు ఉన్నవాళ్లు, వాళ్లు బతికుండగానే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. భర్త పోయిన మనిషి చేత తనెవరో రుజువు చేయమని అడిగించుకోవడం ఎంత ఘోరమో దగ్గరుండి చూశాను.

సరే, యాత్ర. హైదరాబాద్ నుంచి జోధ్‌పూర్ దాకా విమానం, అక్కడి నుంచి కారు. పోఖ్రాన్ దాటాం. 1974లో, మళ్లీ 1998లో అణుపరీక్షలు జరిగింది ఈ వైపేనని చెబితే పెద్దమ్మ "ఊఁ" అని ఊరుకుంది. ఆవిడ కళ్లు చెట్ల మీద ఉన్నాయి. ఖేజ్‌డీ అని డ్రైవర్ చెప్పిన ప్రతి చెట్టూ మన జమ్మే. "దసరాకి గుడి దగ్గర రెండాకుల కోసం తోసుకుంటాం, ఇక్కడ చూడు, మేకలు మేస్తున్నాయి" అని నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వగా అంతవరకు చూడలేదు.

జైసల్మేర్ నుంచి తనోట్ నూట ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారిలో రామ్‌గఢ్. పంజాబ్‌లో హరికే దగ్గర బయల్దేరే ఇందిరా గాంధీ కాలువ నీళ్లు ఈ ప్రాంతం దాకా వచ్చాయి. ఇసుక మధ్య పచ్చటి చేను కనపడేసరికి ఆవిడ కారు ఆపించింది. ఏలూరు కాలువ పక్కన పుట్టి పెరిగిన మనిషికి కాలువ కొత్తేమీ కాదు. అయినా చాలాసేపు చూసి, "అప్పుడే వచ్చుంటే మీ పెదనాన్నకి ఆ తిప్పలు ఉండేవి కాదు" అంది.

ముందు లోంగేవాలా వెళ్లాం. 1971 డిసెంబరు 4 రాత్రి పాకిస్తాన్ ట్యాంకులు ఈ పోస్టు మీదికి వచ్చాయి. 23 పంజాబ్ బెటాలియన్‌కి చెందిన నూట ఇరవై మంది మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో తెల్లారేదాకా నిలబెట్టారు. మన హంటర్ విమానాలకి రాత్రిపూట దాడి చేసే ఏర్పాటు లేదు. అందుకే ఆ రాత్రి అంత భారం. వెలుగు రాగానే జైసల్మేర్ నుంచి ఎగిరి వచ్చి, మెత్తటి ఇసుకలో ఇరుక్కున్న ట్యాంకుల్ని ఒక్కొక్కటే కొట్టాయి. చాంద్‌పురికి మహావీర చక్ర ఇచ్చారు. ఆయన 2018లో పోయారు. పట్టుకున్న ట్యాంకు ఒకటి అక్కడ నిలబెట్టారు, పిల్లలు దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. పెద్దమ్మ అంతా ఒక చుట్టు తిరిగొచ్చి, "ట్యాంకుంది, తుపాకులున్నాయి. నీళ్ల లారీ ఏదిరా?" అంది. నేనూ వెతికాను, నాకు కనపడలేదు. గెలిచిన యుద్ధాలకి కట్టే స్మారకాల్లో వంటవాడికీ డ్రైవర్‌కీ చోటు దొరకడం కష్టమే.

తనోట్ చేరేసరికి సాయంత్రమైంది. చలి బాగా ఉంది, ఫోన్లలో సిగ్నల్ పోయింది. 1965లో ఈ గుడి చుట్టూ వేల గుండ్లు పడ్డాయని, గుడి ఆవరణలో పడ్డవి ఒక్కటీ పేలలేదని అక్కడ చెప్పుకుంటారు. పేలని గుండ్లు కొన్ని అద్దాల వెనక పెట్టి ఉన్నాయి. లెక్క సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఇనుప ముద్దల్ని దగ్గర్నుంచి చూస్తే మొక్కుకోని వాడెవడూ ఉండడనిపించింది. గుడి నడిపేది బీఎస్‌ఎఫ్. పూజారులు కూడా జవాన్లే. హారతి మొదలవగానే గంటలు, డోలు, జవాన్ల గొంతులు కలిసి గుడి హోరెత్తిపోయింది.

పెద్దమ్మ తెచ్చిన చీర, కొబ్బరికాయ పూజారి చేతికిచ్చి వెనక్కి జరగబోయింది. ఆయన అందరికీ పెట్టినట్టే ఆవిడకీ నుదుటి మీద బొట్టు పెట్టేశాడు. ఏడాదిగా బోసిగా ఉన్న నుదురు. ఆవిడ ఒక్కసారి బిగుసుకుపోయి నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఆవిడ తుడుచుకోలేదు.

బయట కమ్మీల నిండా రుమాళ్లు. కోరిక కోరుకుని ఒకటి కట్టాలి, తీరాక వచ్చి విప్పాలి. "కడతావా పెద్దమ్మా?" అన్నాను. "కొత్త బాకీలు నాకొద్దు బాబూ" అంది.

మా తెలుగు విని ఒక కుర్ర జవాను పరుగున వచ్చాడు. శ్రీకాకుళం వాడు. "ఏ ఊరమ్మా మీది? ఇంత దూరం ఎలాగొచ్చీసినారు?" అన్నాడు. పెద్దమ్మ మొత్తం చెప్పింది, లారీ కింద మొక్కుతో సహా. అతను అన్నీ విని, "మా పోస్టుకి ఇప్పటికీ ట్యాంకరేనమ్మా. ఆలస్యమైతే మా వోల్లు తిట్టుకుంతారు" అని తల గోక్కున్నాడు. పెద్దమ్మ అతన్ని కాస్త మందలించింది కూడా, డ్రైవర్లని తిట్టకూడదని. తర్వాత తిండి సంగతి అడిగింది. అన్నం దొరుకుతుందట, పచ్చడే ఉండదట.

అంతే. కారులోంచి ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, పూతరేకుల పెట్టె, ప్రయాణం కోసం తెచ్చుకున్నదంతా అతని చేతుల్లో పెట్టేసింది. నేను అడ్డం చెబుదామనుకునే లోపే సంచి ఖాళీ. అక్కడి నుంచి ఇల్లు చేరేదాకా నాకు పప్పూ రోటీయే గతి.